ఊడిన సాక్సు

వంటగదిలోంచి వచ్చిన కోడలు, చాప మీద ఆడుకుంటున్న పాపను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“అత్తయ్యా, పాప ఎడమచేతికి తొడిగిన సాక్సు మళ్ళీ తీసేశారా?”

“నేనెందుకు తీస్తానే?”

“నిన్న తీసింది మీరేగా!”

“నిన్నంటే తీశాను. బాగున్న చేతిని అలా మూసిపెడితే మనసొప్పలేదు.”

“కాన్పులో నరం సాగిపోయి కుడిచెయ్యి వాలిపోయింది కదా. మంచిచేతికి పని తప్పిస్తేనే అది కదులుతుందని ఫిజియో డాక్టరు మీ ముందే చెప్పారు.”

“చెవిటిదాన్ని కాదులే, విన్నాను. అందుకే ఇవాళ ముట్టుకోలేదు. నీ మీదొట్టు.”

“మరి దానంతటదే ఊడొచ్చిందా? మోచేతి దాకా లాగి తొడిగాను.”

“నోటితో పీకిందేమో.”

“నోట్లో పెట్టుకుంటే చెయ్యి తడిసుండేదిగా. అసలు సాక్సేదీ?”

“గట్టిగా అరవకు, బెదిరిపోతుంది. మెల్లిగా ఇటొచ్చి చూడు. దాని కుడిగుప్పిట్లో ఉంది.”

“అయ్యో నా బంగారం! ఎంత గట్టిగా పట్టుకుందో!”

“ఏడుస్తావేంటే పిచ్చిదానా?”

“ఏడవట్లేదు. ఉండండి, ఇంతకన్నా బిగుతైన సాక్సు తెస్తాను. మళ్ళీ తొడిగితే మీరు బాధపడతారేమో?”

“నాకేం బాధ! ఎంత బిగుతుదైనా తొడుగు. పీకి పారేస్తుంది నా తల్లి!”