పన్నునొప్పి మాత్రలు

ఐసీయూ పక్కన చిన్న గది. బల్లకు ఒక వైపు డాక్టరమ్మ, రెండో వైపు రోగి తల్లి, భార్య. వాళ్ళిద్దరి మధ్య ఒక ఖాళీ కుర్చీ.

"మళ్ళీ అడుగుతున్నా. పన్నునొప్పికి మాత్రలు ఎవరిచ్చారు?"

"ఆవిడగార్నే అడగండి డాక్టరమ్మా. కట్టుకున్నది ఆవిడేగా!"

"నేనే ఇచ్చాను మేడమ్. అట్ట మీద ఎన్ని రాసుంటే అన్నే. ఒక్కటంటే ఒక్కటి ఎక్కువివ్వలేదు."

"అన్నే అయితే లివర్ ఇంతలా పాడవదమ్మా."

"ఇంట్లో రోజూ రభసే కదండీ. దీని పోరు పడలేక వాడే ఏదో చేసుకుని ఉంటాడు."

"మేడమ్, ఆమెని కాస్త నోరు అదుపులో పెట్టుకోమనండి!"

"మధ్యలో నేనెందుకు? పక్కపక్కనే ఉన్నారుగా, మీరే చెప్పుకోండి."

"మాకు మాటల్లేవు."

"ఏదన్నా ఉంటే వాడితో చెప్పేదాన్ని. వాడెళ్ళి దానికి చెప్పేవాడు."

"పెద్దమ్మా, ఇటు చూడండి. మీరేమన్నా ఇచ్చారా?"

"నేనా? నేనేమిస్తాను? ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నా."

"ఇంకా?"

"అంతే."

"పెద్దమ్మా..."

"నా మోకాళ్ళ మాత్రలిచ్చా. అయినా అది వేరే మందండీ! దీనిది తెల్లగా ఉంటుంది, నాది పచ్చగా ఉంటుంది."

"రంగే వేరు. లోపలుండే మందు ఒకటే."

"ఒకటేనా?"

"ఎన్నిసార్లు ఇచ్చారు?"

"వాడు మూలుగుతుంటే కన్నపేగు ఊరుకుంటుందా? అది వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ఇచ్చా. అయ్యో, నా చేతులు విరిగిపోనూ! నా బిడ్డని నేనే..."

"ఒక్క మాట! నాతో ఒక్క మాట చెప్పి ఉంటే!"

"నీతో చెప్పడమా? నువ్వు నా మొహం చూస్తేగా!"

"తర్వాత పోట్లాడుకోండి. టైం లేదు. ఆ లివర్ ఇక కోలుకోదు, ఇవాళే మార్చాలి. అమ్మా, పరీక్షల్లో మీది సరిపోయింది. కొంత ముక్క తీస్తాం, మీకది మళ్ళీ పెరుగుతుంది. అలాగని మీకు ఏ ప్రమాదమూ లేదని మాత్రం చెప్పను."

"భయంగానే ఉంది మేడమ్. అయినా తీసుకోండి. సంతకం ఎక్కడ?"

"దానిదెందుకు? నాది తీసుకోండి! నవమాసాలు మోశాను వాణ్ణి."

"మీ వయసుకి కుదరదు పెద్దమ్మా."

"చూశారా? ఇక్కడ కూడా నాతో పోటీయే!"

"ముందు నా మాట వినండి. ఆపరేషన్ అయ్యాక ఆయనకి జీవితాంతం మందులుంటాయి. టైముకి పడాలి. మానేసినా, ఒకటికి రెండు పడినా ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో అవి ఎవరిస్తారు?"

"నేనిస్తాను."

"నేనిస్తాను. వాడు నా కొడుకు!"

"నా మొగుడు!"

"ఆపండిద్దరూ! నిన్న స్పృహ తప్పేముందు ఆయన నాకంతా చెప్పాడు. మీ నోటి నుంచే రావాలని అడిగాను. రెండు అట్టలూ చదివాడమ్మా ఆయన. రెండూ ఒకటే మందని తెలుసు."

"తెలిసీ... తెలిసీ ఎందుకు మింగాడండీ?"

"ఒకరిది వద్దంటే, రెండోవాళ్ళ పక్షం చేరాడంటారని."