ఐదోసారి లేచిన సాయిబుగారు

రా బాబూ జిలానీ, ఆ కుర్చీ ఇలా లాక్కో. దానికి ఒక కాలు పొట్టి, గోడకి ఆనించి కూర్చో. ఏంటి, సైన్స్ చెప్పేవాళ్ళు కావాలా? మన దేవిశ్రీ ఉంది కదయ్యా! తీసేశావా? ఎందుకూ? స్టాఫ్ మీటింగులో అందరి ముందూ "సర్, మీరు చేస్తున్నది తప్పండి" అందా? ఓరి నాయనో! అంతమాత్రానికేనా? ఉండుండు, నన్ను ఊపిరి తీసుకోనీ. మీ తాతగారి కుర్చీలో కూర్చుని, ఆ మాటన్నందుకు టీచర్ని ఇంటికి పంపేశావా? బేబీ, రెండు టీలు పట్టుకురామ్మా!

మీ తాతగారు, అదే మన స్కూలు నడిపిన రవూఫ్ సాయిబుగారు, నువ్వు పుట్టకముందే పోయారు, నీకేం తెలుసులే. మన తుని ఎండలెలా ఉంటాయి? ఆ ఎండల్లోనూ షేర్వాణీ పైగుండీ విప్పేవారు కాదు. నేనా, చర్చికెళ్ళే మనిషిని, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఆయన చెప్పుల చప్పుడు వినపడితే నా చేతిలో సుద్దముక్క జారిపోయేది. "పాల్ మాస్టారూ, పిల్లలకో గంటా మనకో గంటా ఉండవండీ!" అనేవారు, ముక్కుతో. గంట కొట్టగానే గేటుకి తాళం. పిల్లాడైనా టీచరైనా అంతే. అప్పట్లో లెక్కల టీచరు నాగదుర్గ అన్నవరం నుంచి బస్సులో వచ్చేది. ఎంత బాగా చెప్పేదనుకున్నావు, భిన్నాలంటే ఏడ్చే పిల్లలు ఆవిడ క్లాసులో నవ్వేవారు. సరే, కార్తీకమాసం వచ్చింది. కొండ మీద దర్శనం చేసుకుని తిరిగెళ్ళే జనం, బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు కదా. ఆలస్యమైంది, మర్నాడూ అయింది. మూడోనాడు సాయిబుగారు గేటు లోపల నిలబడే "రేపట్నుంచి రాకండమ్మా" అనేశారు. ఆవిడ చెమటలు కారుతూ కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. మేమందరం వరండాలోనే ఉన్నాం. అన్యాయమని అందరికీ తెలుసు. నోరు విప్పితే ఒట్టు.

ఆ మధ్యాహ్నమే జరిగిందయ్యా! స్కూల్లో నమాజు ఆయనే ముందు నిలబడి చేయించేవారు. నేను అవతలి వరండాలో క్యారేజీ విప్పుకున్నా. ఆ పూట నమాజుకి నాలుగు రకాతులట, అంటే లేచి నిలబడి, వంగి, నేలకి నుదురానించడం నాలుగుసార్లు. ఈయన మనసెక్కడుందో, నాలుగూ అయ్యాక కూర్చోకుండా ఐదోదానికి లేచిపోయారు. వెనక వరసలోంచి గట్టిగా "సుబహానల్లా!" అని వినపడింది. ముందున్నాయన తప్పితే వెనకవాళ్ళు అలా గుర్తుచేయాలట. అన్నదెవరు? కొత్తగా చేరిన ఉర్దూ మాస్టారు మస్తాన్‌వలీ! సాయిబుగారు వెంటనే కూర్చున్నారు. తప్పినందుకు ఇంకో రెండుసార్లు నుదురు నేలకానించి ముగించారు.

కాసేపటికి మస్తాన్‌ని స్టాఫ్‌రూముకి పిలిచారు, మమ్మల్నీ రమ్మన్నారు. అయిపోయాడ్రా అనుకున్నాం. ఆయన అడిగిందేంటో తెలుసా? "అక్కడ నన్ను ఆపావే, పొద్దున గేటు దగ్గర ఎందుకు ఆపలేదయ్యా?" మస్తాన్, "అక్కడ ఆపకపోతే తప్పండి. ఇక్కడ ఆపితే ఉద్యోగం పోతుందండి" అన్నాడు. ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, ఇదిగో చెయ్యి చూడు. సాయిబుగారు షేర్వాణీ పైగుండీ విప్పారు! అదే మొదటిసారి చూడ్డం. విప్పి, గేటు తాళంచెవి మస్తాన్ చేతిలో పెట్టి, బస్టాండుకి నడిచారు. నాగదుర్గ ఇంకా అక్కడే కూర్చునుందట, ఇంట్లో ఏం చెప్పాలో తెలీక. "నేనే తప్పానమ్మా, రండి" అని జనంలో అన్నారట. ఆవిడే చెప్పింది, చెబుతూ ఏడ్చింది.

ఆ తర్వాత ప్రతి మీటింగు చివరా "ఇప్పుడు నన్ను దిద్దండి" అని కూర్చునేవారు. మొదట్లో ఎవరం నోరెత్తలేదు. ఎత్తడం మొదలెట్టాక చూడాలి, గంటకి ముందే అందరం గేటు దగ్గరుండేవాళ్ళం, తాళం లేకపోయినా! నాగదుర్గయితే కార్తీకంలో తెల్లారకుండానే బయల్దేరేది, ఎవరూ చెప్పకుండానే.

ఏంటయ్యా అలా నేలచూపులు చూస్తావు? టీ తాగు, తొరక కడుతోంది. సైన్స్ చెప్పేవాళ్ళు కావాలన్నావు కదూ? నాకు తెలిసినంతలో ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఇల్లు నీకూ తెలుసు.