గుమ్మం మీద సరిహద్దు

ఆ వడ్రంగిని అందరూ రంపం అంటారు. చెక్క కోతలకంటే నోటి కోతలు ఎక్కువని. ఆ పొద్దున టీ కొట్టు బెంచీ మీద అతనితో పాటు మంగలి, డ్రైవరు కూర్చున్నారు. మూల ఎవరో పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకుని టీ తాగుతున్నాడు.

"పన్నుల ఆఫీసులో ఒక్క మాట సరిచేశాను, అంతే," అని మొదలుపెట్టాడు రంపం. "విదేశంలో మా పెదనాన్న ఇల్లుంది కదా, పిల్లల్లేరు, ఇక నాకు తప్ప ఎవరికొస్తుంది? ఆఫీసరేమో, బహుమతిగా వస్తే ఒక లెక్క, వారసత్వంగా వస్తే ఇంకో లెక్క, నీదేది అన్నాడు. వారసత్వమే రాసుకోండన్నాను. అయితే మీ పెదనాన్నగారు ఉన్నారా అన్నాడు. నేను తడుముకుంటానా? పోయారండీ అన్నాను."

"అయ్యో, ఎప్పుడు?" అన్నాడు మంగలి.

"అదంతా ఇప్పుడెందుకు, విను. ఆఫీసరు లేచి తన కుర్చీ నాకిచ్చాడు. ఇంతలో పెద్దాఫీసరొచ్చి, విదేశీ ఆస్తి కాబట్టి దాని లెక్క వేరన్నాడు. ఇల్లంతా విదేశం కాదు సార్, ఒక్క వంటిల్లే అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇద్దరూ గోడ మీది మ్యాపు దించి వెతికారు. మరి సరిహద్దు ఆ ఇంటి గుమ్మం మీంచే పోతుందాయె. కూర ఉడికేది ఒక దేశంలో, తినేది ఇంకో దేశంలో. గుమ్మం దగ్గర కస్టమ్స్ వాళ్ళు గిన్నె మూత తీసి, ఉప్పు కూడా వాళ్ళే చూసి పంపిస్తారు."

"మరి పడుకుంటే?" అన్నాడు డ్రైవరు.

"తల ఇక్కడ, కాళ్ళు అక్కడ. కలొస్తే ఎవరి లెక్కలో వెయ్యాలో తెలీక రెండు ప్రభుత్వాలూ మంత్రుల్ని పంపాయి. గొళ్ళెం ఎటువైపుంటే ఇల్లు అటువాళ్ళదని తేల్చారు. నేను వడ్రంగిని కదా, వాళ్ళు టీ తాగి వచ్చేలోగా గొళ్ళెమే ఊడదీసి జేబులో వేసుకున్నాను. ఇక దిక్కులేక ఆ ఇంటినే కొత్త దేశం చేసి, తాళాలు నా చేతిలో పెట్టి దండం పెట్టారు. ఇప్పుడు అక్కడ పన్ను వెయ్యాలన్నా తియ్యాలన్నా నేనే."

మూలనున్న పేపరు మెల్లగా కిందికి దిగింది.

"ఒరే, నేనెప్పుడు పోయానురా?"

రంపం గ్లాసు బెంచీ మీద పెట్టి లేచి నిలబడ్డాడు. "పెదనాన్నా, మీరా? ఎప్పుడొచ్చారు? పోయారంటే... ఊరికి పోయారని."

"నిన్న దిగాను. బతికుండగానే ఇల్లు నీకు బహుమతిగా రాసిద్దామని ఆ ఆఫీసుకే వెళ్ళాను. పోయినవాళ్ళు బహుమతి ఎలా ఇస్తారండీ, మీ తమ్ముడి కొడుకే వచ్చి చెప్పాడన్నారు. నీ నోట్లోంచి ఒక్కటి నిజంగా ఆఫీసుదాకా వెళ్ళింది, అదే నా చావు."

"రేపే వెళ్ళి దిద్దించేస్తాను పెదనాన్నా."

"ఎందుకులే. వారసత్వమే కావాలన్నావుగా, నేను నిజంగా పోయేదాకా ఆగు." పెద్దాయన పేపరు మడిచి, ఖాళీ గ్లాసు టీ కొట్టాయనకి అందించాడు. "ఇంకోటి ఇవ్వు బాబూ. చక్కెర వెయ్యకు, చాలా కాలం ఉండాలి."