నలభై పేజీలను తిరిగి చేర్చిన సంపాదకురాలు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూన్ ఆరవ తేదీ, సోమవారం ఉదయం మా ప్రచురణ సంస్థలో తాత్కాలిక సహాయ సంపాదకురాలిగా చేరి, ముప్పై ఆరేళ్ల నిర్విరామ సేవానంతరం ప్రధాన సంపాదకురాలి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా సహోద్యోగిని కార్యాలయమంతా ‘కత్తెరమ్మ’ అని పిలుచుకునేది. అనవసరమైన వాక్యాన్ని క్షమించే గుణం ఆమెకు లేదు. ఆ పిలుపు చెవిన పడినా పడనట్లుండడం మాత్రం ఆమె సంస్కారం.

తొలి రెండేళ్లు పాఠ్యగ్రంథాలను, నిఘంటువులను దిద్దారు. మూడవ ఏట ఒక నూతన రచయిత్రి తొలి నవల ఆమె చేతికి వచ్చింది. పదిహేనేళ్ల బాలిక ఎదిగివచ్చే క్రమాన్ని చిత్రించిన నవల అది. బాలిక తండ్రి బట్టల మిల్లులో కార్మికుడు. సమ్మె ఐదవ నెలలో, భార్యకు మందులు కొనే దారిలేక, అతడు వెనుక గేటు గుండా పనిలోకి వెళతాడు. అదే సమ్మెలో బాలిక స్నేహితురాలి తండ్రి జైలుపాలవుతాడు. ఆనాటి నుంచి కూతురు తండ్రితో మాట్లాడడం మానేస్తుంది.

మేనేజరుగారికి సమ్మె రుచించలేదు. “ఎప్పటిదో ఆ గొడవ ఇప్పుడెవరికి కావాలండీ? కూతురు అలిగింది, తండ్రి కుమిలిపోయాడు. ఏ కాలంలోనైనా చెల్లుతుంది. మిగతాది తీసేయండి” అన్నారు. తొలి పుస్తకం కాబట్టి రచయిత్రి నోరు మెదపలేదు. కత్తెరమ్మగారు నలభై పేజీలు తొలగించారు. కథకు వేగం వచ్చిందని లోలోపల మురిసిపోయారు కూడా. ఈ సంగతి దాచిపెట్టి పొగిడితే ముందుగా కోపగించేది ఆమే.

ప్రూఫును ఇద్దరు కలిసి చూడడం మా సంస్థ పద్ధతి: ఒకరు బిగ్గరగా చదువుతుంటే మరొకరు మూలంతో సరిచూస్తారు. ఆనాడు చదువుతున్నది అందరూ తాతగారని పిలిచే వృద్ధ ప్రూఫ్ రీడరు, సరిచూస్తున్నది కత్తెరమ్మగారు. పుస్తకంలోని విషయంపై ఏనాడూ పెదవి విప్పని ఆయన హఠాత్తుగా కళ్లజోడు తీశారు.

“ఏంటమ్మా ఈ పిల్ల పొగరు? తండ్రి వడ్డిస్తే కంచం నెట్టేసి లేచిపోతుందా? నా కూతురైతే రెండు తగిలించేవాణ్ణి.”

“మరి తండ్రి ఎలా ఉన్నాడండీ?”

“నోట్లో నాలుక లేని మనిషి. వీళ్లిద్దరి కథకి ఇంత పుస్తకమా!”

ఆమె చేతిలోని పెన్సిలు ఆగిపోయింది. సమ్మె అనే సాక్షిని బయటికి పంపి తీర్పు చెప్పించినది తానేనని ఆమెకు అర్థమైంది. సమ్మె తెలిసిన పాఠకుడికి, కంచం నెట్టివేయడమంటే జైలుకెళ్లిన కుటుంబం పక్షాన నిలబడడం. తండ్రి మౌనానికీ కారణముంది: మందుల మాట ఎత్తితే నేరం మంచం పట్టిన తల్లి మీద పడుతుంది. ఒకరినొకరు అంతగా ప్రేమించుకునే ఆ ఇద్దరి మధ్య గోడ కట్టింది ఆ సమ్మె సంవత్సరం. సంవత్సరాన్ని తీసేశాక మిగిలినవి ఒక పొగరు, ఒక పిరికితనం.

తొలగించిన పేజీలను తెచ్చి ఆమె తాతగారికి చదివి వినిపించారు. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

“తొందరపడి తిట్టానమ్మా. ఇద్దర్లో ఎవర్నీ ఏమనలేం” అన్నారు.

మధ్యాహ్నం ఆమె మేనేజరుగారి ఎదుట నిలిచారు.

“పుస్తకం ఫారాలు అచ్చుకి వెళ్లబోతుంటే ఇప్పుడా? కోసింది మీరే కదండీ?”

“నేనేనండీ. తప్పు నాదే.”

“మిమ్మల్ని పర్మనెంటు చేసే కాగితం ఈ వారమే సంతకానికొచ్చింది. తెలుసా?”

“తెలుసండీ. నేనొచ్చింది ఆ పిల్ల గురించి.”

“ఏ పిల్లండీ? కాగితం మీది పిల్లేగా!”

“దాని మీద తీర్పు చెప్పేవాళ్లు కాగితం మీద లేరు కదండీ.”

నలభై పేజీలూ తిరిగి చేరాయి. నవల ఏడు ముద్రణలు పొందింది. సంతకం మాత్రం పద్నాలుగు నెలలు ఆగింది. ‘విధి నిర్వహణలో అలసత్వం’ అన్న వ్యాఖ్య ఆమె సర్వీసు రికార్డులోకి ఎక్కింది.

అటు పిమ్మట ఆమె సీనియర్ సంపాదకురాలై, రెండు వేల తొమ్మిదిలో ప్రధాన సంపాదకురాలయ్యారు. ఎదిగే పిల్లల నవల ఏది వచ్చినా, “ఈ పిల్లకి పదిహేనేళ్లొచ్చిన ఏడు ఊళ్లో ఏం జరుగుతోందమ్మా?” అని సహాయకులను అడిగేవారు, జవాబు చెప్పిన తరువాతే పెన్సిలు చేతికిచ్చేవారు. కత్తెరకు తుప్పు పట్టిందని కుర్రకారు చాటుగా నవ్వుకునేవారు. వారే నేడు ఉప సంపాదకులు, వారూ అదే ప్రశ్న అడుగుతున్నారు.

ఆ వ్యాఖ్య మాత్రం నేటికీ చెరగలేదు. ఆమె ఏనాడూ అడగలేదు. అడగవలసిన మనం ముప్పై నాలుగేళ్లు ఊరుకున్నాం. తన తప్పును తానే ఒప్పుకుని దిద్దుకున్న మనిషిని అలసురాలనడం అన్యాయం. నెలాఖరులోగా దానిని కొట్టివేయాలని మన సంస్థ పత్రిక ఈ సంచిక ముఖంగా యాజమాన్యాన్ని కోరుతున్నాం.

చూపు, నడక, జ్ఞాపకం చెక్కుచెదరకుండా, భర్తగారితో, ఇద్దరు కుమార్తెలతో, దిద్దనక్కరలేని పుస్తకాలు తనివితీరా చదువుకుంటూ ఆమె నిండు నూరేళ్లు ఆరోగ్యంగా జీవించాలి. ఆ సుదీర్ఘ విశ్రాంత జీవితంలో ఆమె చేతికందే మొదటి కాగితం, ఆ మచ్చ తుడిచిన సర్వీసు రికార్డు కావాలి.