మసుయే గారి మైకూ, నా యాసా

సభకు అధ్యక్షులైన మేయరు ఒనోదెరా గారికి, ముందు వరసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న పెద్దలకు, మహిళా సంఘం వారికి, అగ్నిమాపక దళం సోదరులకు, చెర్రీ కొమ్మల కత్తిరింపు సగంలో ఆపి మంచులో నడిచివచ్చిన రైతులకు, వీళ్లందరి మధ్యా ఈ సన్మానం ఇంకెవరికో అన్నట్టు తల వంచుకుని కూర్చున్న తొగాషి మసుయే గారికి, మన హనేసావా పట్టణ కార్యాలయం విపత్తుల విభాగం నుంచి దైబా నెనీతా నమస్కారాలు.

ఏం మాట్లాడమంటారని మొన్న మసుయే గారినే అడిగాను. "నీకు యాసల మీద బోలెడు అభిప్రాయాలున్నాయిగా, అవి చెప్పు. నా గురించి మాత్రం చెప్పకు" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆవిడ చెప్పినదాంట్లో సగమే వింటూ వచ్చాను. ఇవాళ మాత్రం మారతానా? (నవ్వులు)

కాబట్టి ముందు అభిప్రాయాలు. టోక్యో వాళ్ల మాట ఇస్త్రీ చొక్కా లాంటిది, చూడ్డానికి బాగుంటుంది గాని దాంతో పొలంలోకి దిగలేం. ఒసాకా వాళ్లు పరామర్శకు వచ్చినా బేరానికి వచ్చినట్టే ఉంటుంది, అయినా వాళ్లు వెళ్లాక మనసు తేలికపడుతుంది. క్యోటో వాళ్లు మనల్ని ఇంట్లోంచి పంపించేశారన్న సంగతి మనకు రైలెక్కి కూర్చున్నాక గాని తెలియదు. ఇక మన యమగాతా మాట, చలిగాలి లోపలికి పోతుందేమోనన్నట్టు నోరు సగమే తెరిచి మాట్లాడతాం, 'షి' అన్నా 'సు' అన్నా ఒకేలా వినబడుతుంది. మేయరు గారు ఇందాక ఎంత చక్కని టోక్యో మాట మాట్లాడారు! పోయిన శరత్కాలంలో నది ఒడ్డున చేమదుంపల పులుసు తాగుతూ, రెండో గ్లాసు తర్వాత ఆయన మాట్లాడిన మాటైతే మా అత్తగారు బతికుంటే ఆవిడకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. మేయరు గారూ, నాకు ఆ ఒనోదెరా గారే ఇష్టం. (నవ్వులు, చప్పట్లు)

నా యాస సంగతి మీకు తెలుసు. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. నాకు జపాను భాష నేర్పింది మా అత్తగారు కియోనో. అప్పటికి ఆవిడకు డెబ్భై ఏళ్లు, ఏడు పళ్లు. అందుకని నాకు వచ్చింది ఏడు పళ్ల జపాను భాష. ఒకసారి టోక్యోలో వీసా కాగితాల కోసం వెళ్తే, కౌంటర్లో యువకుడు నా మొహం చూసి ఇంగ్లీషు మొదలుపెట్టాడు. "ఓరి బాబూ, ఆ కాయితం ఏటో బేగి సెప్పు, నాను రైలుకి ఎల్లాల" అన్నాను. పాపం, లేచి వెళ్లి పై అధికారిని పిలుచుకొచ్చాడు. ఇంకోసారి అత్తగారిని ఆసుపత్రిలో చేర్చామని చెప్పబోయి, బ్యోయిన్ అనవలసిన చోట బియోయిన్ అన్నాను. పక్కింటి వాళ్లు పండ్ల బుట్ట పట్టుకుని తిన్నగా జుట్టు కత్తిరించే షాపుకి వెళ్లారు. (నవ్వులు) మీరు నవ్వండి, కాని అక్కడ అరగంట కూర్చుని ఎదురుచూసిన మనిషి ఈ హాల్లోనే ఉన్నారు.

ఇలాంటి నన్ను ఇరవై ఏళ్ల కిందట ఏడాది ఒప్పందం మీద కార్యాలయంలోకి తీసుకుని మసుయే గారి పక్క కుర్చీ ఇచ్చారు. మసుయే గారంటే అప్పటికే ఊరి గొంతు. రోజూ సాయంత్రం అయిదింటికి స్తంభాల మీది లౌడ్ స్పీకర్లలో చెత్త బండి ఏ రోజు వస్తుందో, ఎవరి పిల్లి తప్పిపోయిందో, ఎలుగుబంటి ఏ తోటలో కనబడిందో చెప్పే గొంతు. బల్ల మీద ఉచ్చారణ నిఘంటువు, అంచులు నలిగి నల్లబడిపోయింది. పద్దెనిమిదో ఏట ఆవిడ ప్రసార శిక్షణకు వెళ్లినప్పుడు పరీక్షలో "అతిథులకు సుషి వడ్డించారు" అని చదవమంటే, మన ఊరి నోటితో "సుసు వడ్డించారు" అని చదివిందట. సుసు అంటే మసి. అతిథులకు మసి వడ్డించిందని హాలంతా పడిపడి నవ్వారట. ఆ రోజు నుంచి పళ్ల మధ్య పెన్సిలు పెట్టుకుని ఆరు నెలలు సాధన చేసి, మన యాసను చొక్కా మీది మరకలా ఉతికి పారేసింది. ఈ సంగతి ఆవిడ నాకు చెప్పలేదు, వాళ్ల అక్క చెప్పింది. మసుయే గారూ, అలా చూడకండి, మీ అక్క కూడా ఇక్కడే ఉన్నారు.

నాతో ఎంత కఠినంగా ఉండేవారో! 'ఫుజి' అనమంటే 'పుజి' అంటానని రోజుకు ఇరవై సార్లు అనిపించేవారు. కాని మొదటి నెలలో ఒకాయన ఫోను చేసి, నా గొంతు వినగానే "ఎవరైనా జపాను మనిషికి ఇవ్వండి" అన్నాడు. నాకు చెవులు కాలిపోయాయి. మసుయే గారు ఫోను అందుకున్నారు. "ఆవిడ జపనీసులోనే మాట్లాడారండి. తమరు వినడం మొదలుపెడితే చాలు" అని, మళ్లీ నా చేతికే ఇచ్చారు. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఇప్పుడు 'ఫుజి' అను" అన్నారు.

ఇక ఆ జులై సంగతి. ఆవిడ చెప్పొద్దన్నది ఇదే.

తొమ్మిదేళ్లయింది. రెండు రోజులు ఆగకుండా వాన. మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి కోగురే నది గట్టు మీదికి వచ్చింది. ఒడ్డున దిగువ వాడలో నలభై మూడు ఇళ్లు. మసుయే గారు మైకు ముందు కూర్చుని చదివారు: "దిగువ వాడ నివాసులు ప్రశాంతంగా ఎత్తైన ప్రదేశానికి తరలవలసిందిగా మనవి." ఒక్క అక్షరం తడబడలేదు. మూడు సార్లు చదివారు. వంతెన దగ్గర నుంచి అగ్నిమాపక దళం వాళ్లు ఫోను చేశారు: "ఒక్క గొడుగైనా కదల్లేదు!" మసుయే గారు నాలుగోసారి చదివారు, ఇంకా నిదానంగా, ఇంకా స్పష్టంగా. తప్పిపోయిన పిల్లిని వెతికే గొంతు అదే, చెత్త బండిని పిలిచే గొంతు అదే. ఆ గొంతు వణకలేదు. వణికించడం ఆవిడకు చేతకాలేదు.

నేను మైకు లాక్కున్నాను.

"ఓలమ్మో! నాను దైబా వోరి కోడల్ని! నీళ్లొచ్చేత్తన్నాయి, ఇనబడతందా? తొమె ముసలమ్మా, ఆ పచ్చడి జాడీ ఒగ్గీయ్! హిదెజో తాతా, టీవీ కట్టీసి లెగు! లగెత్తండి! బడి కొండెక్కీయండి, బేగి, బేగి!"

నలభై మూడు ఇళ్లూ పేరుపేరునా పిలిచాను. ఏ అక్షరం ఎలా పలికానో నాకు తెలియదు. ఇరవై నిమిషాల్లో బడి మెట్ల నిండా జనం. గంట తిరక్కుండా దిగువ వాడలో నీళ్లు అటకలు తాకాయి. ఒక్క మనిషికీ గాయం కాలేదు. తొమె ముసలమ్మ పచ్చడి జాడీ ఒగ్గలేదు, చంకలో పెట్టుకునే వచ్చింది. (నవ్వులు) ఆవిడ ఆ రోజు అన్న మాట: "మసుయే పిలిత్తే ఇంకా టైముందనుకున్నాం. దైబా కోడలు అరిసినాదంటే మునిగినట్టే గదేటి!"

వారం తిరిగేసరికి ఒక ఉత్తరం వచ్చింది. కొండ మీద సెలవుల ఇల్లున్న ఒక పెద్దమనిషి రాశారు: అత్యవసర ప్రకటనను విదేశీ యాసలో, అందులోనూ పల్లెటూరి మోటు మాటల్లో వినిపించడం ప్రభుత్వ గౌరవానికి తగదు, జనం ఆకతాయి పని అనుకోరా అని. అప్పటి మా విభాగాధికారి నన్ను పిలిచి క్షమాపణ రాసివ్వమన్నారు, ఇకపై మైకు ముట్టవద్దన్నారు, మార్చిలో ఒప్పందం సంగతి ఆలోచిద్దామన్నారు. నేను రాయడానికి కూర్చున్నాను కూడా. మసుయే గారు ఆ కాగితం తీసుకుని అధికారి గదిలోకి వెళ్లారు. తలుపు సగం తెరిచే ఉంది.

"ఆవిడ మాటకి నలభై మూడు ఇళ్లు కదిలాయండి. నేను నాలుగు సార్లు చదివాను. పిల్లి కూడా కదల్లేదు. క్షమాపణ రాయవలసింది నేను, కలం ఇలా ఇవ్వండి."

అంతే అన్నారు. నా కాగితం వెనకాలే తన క్షమాపణ రాసి, ముద్ర వేసి ఇచ్చి వచ్చారు. నా ఒప్పందం నిలిచింది. కాని ఆ తర్వాత పదకొండు రోజులు ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను లెక్కపెట్టాను. కోపమనుకున్నాను. ముప్ఫై ఏళ్లు ఒక గొంతును చెక్కుకుని, అది అవసరమైన ఒక్క రోజున పనిచేయకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తట్టలేదు. ఇవాళ అందరి ముందూ చెబుతున్నాను, మసుయే గారూ: ఆ మైకు లాక్కున్నందుకు నాకు విచారం లేదు. లాక్కున్నాక ఒక్కసారైనా మీ మొహం వైపు చూడనందుకు ఉంది.

పన్నెండో రోజు సాయంత్రం ఆవిడ మా వంటింట్లోకి వచ్చి, మా అత్తగారి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "కియోనో గారూ, మన మాటలో ఎలా అరవాలో నాకు నేర్పండి" అన్నారు. ఈ ఊళ్లో పుట్టిన మనిషి! మా అత్తగారు ముల్లంగి తరుగుతూ, "అను, లగెత్తండి" అంది. మసుయే గారు అన్నారు. "ఏటా అనడం? టీవీలో దొరసాని నాగుంది. పొట్టలోంచి రావాల!" మళ్లీ అన్నారు. మళ్లీ. శీతాకాలమంతా వారానికి రెండు సార్లు వచ్చారు. రాలేదు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉండేవి, నాటకంలో ముసలమ్మ వేషం వేసినట్టు ఉండేది. చివరికి మా అత్తగారే చేతులెత్తేసింది: "ఒగ్గీయవే, నీ నోరు బాగా కడిగేసుకున్నావు." మసుయే గారు నవ్వారు. దారిలో నేను గొడుగు పట్టుకుని దిగబెట్టేటప్పుడు మాత్రం నవ్వలేదు.

మా అత్తగారు పోయి మూడు శీతాకాలాలు. తొంభై ఎనిమిదేళ్లు బతికింది. ప్రతి కొత్త సంవత్సరం రోజున ఇలోయిలోలో ఉన్న మా అమ్మకు ఫోను చేసి, మా భాషలో తనకు వచ్చిన ఒకే ఒక్క మాట చెప్పేది: "సాలామాత్ సింగ్ మాదామో", చాలా కృతజ్ఞతలు అని. నన్ను ఇచ్చినందుకట.

ఈ మే నెలలో మసుయే గారు నాతో మా ఊరు వస్తున్నారు. జనవరి నుంచి మా భాష నేర్చుకుంటున్నారు. నేనే పంతులమ్మను, ఎన్నేళ్ల బాకీయో తీర్చుకుంటున్నాను, రోజుకు ఇరవై సార్లు అనిపిస్తున్నాను. (నవ్వులు) పోయిన ఆదివారం ధైర్యం చేసి మా అమ్మతో ఫోనులో మాట్లాడించాను. ఎనభై నాలుగేళ్ల మనిషి, చూపు సరిగా ఆనదు, వింటుంది. మసుయే గారు వీపు నిటారుగా పెట్టుకుని మొదలుపెట్టారు: "సాలామాత్ సుంగ్ మాదామో."

సింగ్ కాదు, సుంగ్. అతిథులకు మసి వడ్డించిన ఆ నోరే.

అవతల నుంచి మా అమ్మ అడిగింది: "నెనీతా, మీ అత్తగారు బతికొచ్చారా ఏమిటే?"

నేను ఆ మాట జపనీసులోకి తిప్పి చెప్పాను. మసుయే గారు రెండు చేతులతో ఫోను పట్టుకుని అడిగారు, "నిజంగా అన్నారా? ఇంకోసారి అనమను."

మా అమ్మ ఇంకోసారి అంది. మసుయే గారు ఇంకోసారి సుంగ్ అన్నారు. నేను దిద్దలేదు.

ఇంత ఓపికగా విన్న మీ అందరికీ, ముఖ్యంగా నా తప్పులు వేళ్ల మీద లెక్కపెడుతూ ఏడు దగ్గర ఆపేసిన మసుయే గారికి, మనసారా కృతజ్ఞతలు. ఇక దిగుతాను. సెలవు.