ఒక్కో ఇంటికి రెండేసి మంచాలు

మంచాల దుకాణం యజమాని రుసరుసలాడుతూ కంప్యూటర్ గదిలోని ఉద్యోగిని దగ్గరికి వచ్చాడు.

“ఏమ్మా, ఒక్క మంచం కొన్నవాళ్లకి రెండేసి ఎలా వెళ్లాయి?”

“మనకి రెండు సర్వర్లున్నాయి కదండీ, ఒకటి పోతే రెండోది పని అందుకోడానికి. వాటి మధ్య వైరు ఊడింది. అవతలిది చచ్చిందనుకుని, దేనికది ఆర్డర్లు పంపేసింది.”

“రెండూ బతికే ఉన్నాయా?”

“నిక్షేపంలా ఉన్నాయండీ.”

“నా కొంప ముంచడానికి! ఎక్కువ వెళ్లినవి వెనక్కి తెప్పించు.”

“అందరూ ఇచ్చేస్తున్నారండీ, ఒక్క ఇల్లు తప్ప.”

“ఎవరా మహానుభావులు?”

“మీ ఆవిడగారండీ. మీరు ఇంటికి పంపమన్నదీ రెండైంది.”

“ఎందుకివ్వదట?”

“మీ గురకతో ఇన్నేళ్లూ కంటిమీద కునుకు లేదటండీ.”

యజమాని గొంతు తగ్గింది.

“పోనీ, నా మంచం ఏ గదిలో వేయించిందట?”

“వరండాలో అండీ.”