గుమ్మం దగ్గరి పలకరింపు

టోక్యోలో ఒక నాటకశాల మేకప్ గదిలో, తొంభై ఏళ్ల నటికి ఆవిడ సహాయకురాలు హరుయే కిమోనో నడికట్టు బిగిస్తోంది. తెర లేవడానికి ఇంకా అరగంట ఉంది.

"ఏమే, ఊపిరాడకుండా బిగిస్తున్నావు. ఏమైంది నీకు?"

"ఇందాక గుమ్మం దగ్గర కాపలా ఆయనతో ఏమన్నారో గుర్తుందా అమ్మగారూ?"

"శుభ సాయంత్రం అన్నాను. సాయంత్రమేగా."

"మన నాటకాలవాళ్లం ఏ వేళకొచ్చినా శుభోదయమే అంటాం కదమ్మా. అర్ధరాత్రి సినిమా షూటింగుకెళ్లినా మీరు అదే అనేవారు. అదే మర్చిపోయారంటే, ఇక డైలాగులు..."

"అందుకా నీ మొహం అలా పాలిపోయింది? రెండో అంకంలో అవతలివాళ్ల మాటలు అందించు, నావి చెప్తాను."

హరుయే అందించింది. ఆవిడ ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"హమ్మయ్య. మరి అలా ఎందుకన్నారమ్మా?"

"బయటివాళ్లు అలాగేగా అంటారు. ఈ నాటకం ఆడటం అయిపోతే నేనూ బయటిదాన్నే. కాళ్లు నిలబడనంటున్నాయి. నోటికి ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాను."

హరుయే చేతుల్లో నడికట్టు వదులైంది.

"వదిలేయకే. ఇవాళ్టికింకా లోపలిదాన్నే."